తెల్లారితే వెళ్ళిపోవాలి

అయిపోయిన కథని ఎవరో మళ్ళీ తవ్వి తీస్తే మనకెందుకంత సంతోషం? ఆ సంతోషానికి మనం ఎవరికైనా జవాబు చెప్పుకోవాలా? ఇలాంటి ప్రశ్నలు పెద్ద పెద్ద పుస్తకాల్లో ఉండే ఉంటాయి గానీ, నాకు మాత్రం ఒక సూపర్ హీరో సినిమా దగ్గర ఎదురయ్యాయి.

‘స్పైడర్‌మ్యాన్: నో వే హోమ్’ మన దేశంలో 2021 డిసెంబర్ 16న, అమెరికా కంటే ఒక రోజు ముందే వచ్చింది. ఇంగ్లీషుతో పాటు హిందీ, తమిళం, తెలుగు డబ్బింగులు. నెల్లూరులో నేను చూసిన హాల్లో సగం మంది ఇంజినీరింగ్ పిల్లలు, మిగతా సగం నాలాగా ముప్పైకి దగ్గరపడ్డవాళ్ళు. సినిమా సగం దాటాక గాల్లో నారింజ రంగు నిప్పురవ్వల వలయం ఒకటి తెరుచుకుంటుంది. అందులోంచి ముసుగు మనిషి దూకి వచ్చి ముసుగు తీస్తాడు. ఆండ్రూ గార్‌ఫీల్డ్! హాలంతా లేచి నిలబడింది. ఇంకో వలయం తెరుచుకుంది. ఈసారి మామూలు బట్టల్లో, కొంచెం బిడియంగా టోబీ మగ్వైర్. తర్వాత రెండు నిమిషాలు ఒక్క డైలాగూ వినబడలేదు. కాయితం ముక్కలు ఎగిరాయి. మావైపు పెద్ద హీరో సినిమాకి మొదటి రోజు ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

మా తరానికి పీటర్ పార్కర్ అంటే టోబీనే. శామ్ రైమీ తీసిన మూడు సినిమాలు 2002, 2004, 2007లో వచ్చాయి. మాకవి తెలుగులోనే తెలుసు. ఆదివారం మధ్యాహ్నం కేబుల్ టీవీలో, కరెంటు ఉంటే. న్యూయార్క్ కుర్రాడు ఏ యాసా లేని పుస్తకాల తెలుగులో బాధపడుతుంటే మాకేమీ తేడాగా అనిపించేది కాదు. నాలుగో సినిమా వస్తుందన్నారు. 2010 జనవరిలో ఆపేశారు. అంటే ఆ పీటర్ కథ ముగియలేదు, ఆగిపోయింది. తర్వాత గార్‌ఫీల్డ్‌తో 2012లో ఒకటి, 2014లో ఒకటి వచ్చి అవీ ఆగిపోయాయి. 2016 నుంచి టామ్ హాలండ్.

ఒకే వేషాన్ని ముగ్గురు కట్టడం మనకి వింతేమీ కాదు. పద్యనాటకాల్లో పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారానికి ఇంకో కృష్ణుడు వస్తారు. కరపత్రంలో కూడా ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అనే వేస్తారు. కాకపోతే ఆ కృష్ణులందరూ ఒకేసారి స్టేజి మీదికొచ్చి, ఒకరి నడుం నొప్పి ఒకరు సవరించరు. ‘నో వే హోమ్’లో అదే జరిగింది. టోబీ పీటర్‌కి నడుం పట్టేసింది. గార్‌ఫీల్డ్ పీటర్ వెనక నుంచి పట్టుకుని పైకి లేపి ఒళ్ళు విరిచాడు. హాలంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వుతో పాటు ఇంకేదో అయింది. వీడికి వయసొచ్చింది. మనతో పాటే వచ్చింది.

*

ఆ రోజు మేం పెట్టిన కేకలకి సులువైన వివరణలు రెండున్నాయి. ఇదంతా వ్యాపారం, మా చిన్నతనాన్ని మాకే తిరిగి అమ్మారు, మేం కొనుక్కున్నాం అనేది ఒకటి. సినిమాని సినిమాలా చూడు, ఈల వేసి ఇంటికి పో అనేది రెండోది. రెండూ నిజమే, రెండూ చాలవు. ఒట్టి వ్యాపారమే అయితే ఇలా తిరిగి తెచ్చినవన్నీ మనకి ఒకేలా తగలాలి కదా. తగలవు. కొన్ని చూశాక కడుపు నిండినట్టుంటుంది. కొన్ని చూశాక చూడకూడనిదేదో చూసినట్టుంటుంది. ఒట్టి సరదానే అయితే మరి ఆ తేడా ఎక్కడిది?

ఇంకొకటి కూడా ఉంది. అది 2021 డిసెంబర్. కరోనా రెండో వేవ్ అయి ఏడు నెలలు. ఆ హాల్లో ఇంట్లో ఒకరినైనా పోగొట్టుకోని వరస ఉండి ఉండదు. మా మేనమామ ఆ మే నెలలోనే పోయాడు. సముద్రం దగ్గర్లో రొయ్యల గుంటలు చేసేవాడు. 2007 వేసవి సెలవుల్లో ‘స్పైడర్‌మ్యాన్ 3’కి నన్నూ తన కొడుకునీ బండి మీద నెల్లూరు తీసుకొచ్చింది ఆయనే. సినిమాలో సగం నిద్రపోయాడు. లేచి ఉన్నంతసేపూ ఆయన చూసింది ఇసక మనిషినొక్కడినే. జబ్బుపడ్డ కూతురి కోసం దొంగతనం చేసిన ఫ్లింట్ మార్కో. చివర్లో పీటర్ అతన్ని క్షమించి వదిలేస్తాడు. తిరిగొచ్చేటప్పుడు దారిలో టీ తాగుతూ మామ అన్నాడు, “ఆ ఇసకోడు మంచోడేరా. బిడ్డ కోసం చేశాడు.” స్పైడర్‌మ్యాన్ మీద ఆయన చేసిన విమర్శ మొత్తం అంతే.

‘నో వే హోమ్’లో ఆ ఇసక మనిషి కూడా తిరిగొచ్చాడు. ఇప్పటికీ వాడికి కావలసింది ఒక్కటే, కూతురి దగ్గరికి ఇంటికి వెళ్ళాలి. ఆ హాల్లో నేను పెట్టిన కేక మొత్తం టోబీ కోసమేనని ఇప్పుడు అనలేను. పోయినవాళ్ళు గాల్లో ఒక వలయం తెరుచుకుని మామూలు బట్టల్లో నడిచి రావచ్చు అనే ఊహకి కూడా ఆ కేకలో వాటా ఉంది. అందుకే ఈ ప్రశ్నని సినిమా దగ్గరే వదిలేయలేకపోతున్నాను. కోరుకోవడానికి ఇది మంచి కోరికేనా?

*

ఈ కోరిక మనకి మార్వెల్ నేర్పింది కాదు. 13వ శతాబ్దంలో ఇదే నెల్లూరులో, మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. అందులో ఎవరూ పెద్దగా తలుచుకోనిది ఆశ్రమవాస పర్వం. యుద్ధం అయిపోయింది, పట్టాభిషేకం అయిపోయింది, అశ్వమేధం కూడా అయిపోయింది. ముసలివాళ్ళు ధృతరాష్ట్రుడూ గాంధారీ కుంతీ అడవిలో ఉన్నారు. పాండవులు చూడ్డానికి వస్తారు. వ్యాసుడూ వస్తాడు. ఏం కావాలో కోరుకోమంటాడు. పదహారేళ్ళయినా ఈ రాజుకి కొడుకుల శోకం తీరలేదని, రాత్రిళ్ళు నిద్ర లేదని గాంధారి చెబుతుంది. కుంతి కర్ణుడి మాట ఎత్తుతుంది. అప్పుడు వ్యాసుడు గంగలో దిగి చనిపోయినవాళ్ళని పిలుస్తాడు.

వస్తారు. భీష్ముడు, ద్రోణుడు, కర్ణుడు, దుర్యోధనుడు, అభిమన్యుడు, ఘటోత్కచుడు, ద్రౌపది కొడుకులు, అందరూ నీళ్ళలోంచి పైకొస్తారు. పగలేమీ మిగల్లేదు. ఒకరినొకరు చంపుకున్నవాళ్ళు పక్కపక్కన కూర్చుంటారు. పాండవులు కర్ణుణ్ణి అన్నగా కలుసుకుంటారు. పుట్టినప్పటి నుంచీ కొడుకుల ముఖం చూడని ధృతరాష్ట్రుడు వాళ్ళని మొదటిసారి చూస్తాడు. ఒక్క రాత్రి. తెల్లారగానే అందరూ మళ్ళీ నీళ్ళలోకి వెళ్ళిపోతారు.

ఎన్ని క్రాసోవర్ సినిమాలు కలిపినా ఇంతకంటే పెద్ద క్రాసోవర్ లేదు! అయినా భారతం దీన్ని క్లైమాక్స్‌గా వాడుకోలేదు. ఎవరూ గుర్తుపెట్టుకోని ఒక చిన్న పర్వంలో, ముసలివాళ్ళ నిద్ర కోసం వాడింది. ఆ రాత్రికి ఉన్న షరతులు చూడండి. పిలిచింది గెలిచినవాళ్ళ వేడుక కోసం కాదు, బతికుండి నిద్రపట్టనివాళ్ళ కోసం. వచ్చినవాళ్ళు చనిపోయినవాళ్ళుగానే వచ్చారు, యుద్ధం జరగలేదని ఎవరూ నటించలేదు. తెల్లారితే వెళ్ళిపోయారు. ఈ మూడింట్లో ఏది తప్పినా అది వేరే కథ అయ్యేది.

ఆ రాత్రిలో ప్రమాదమూ ఉంది, భారతం దాన్ని దాచలేదు. తెల్లారాక, భర్తలతో వెళ్ళాలనుకున్న భార్యలు గంగలోకి దిగమంటాడు వ్యాసుడు. దిగి వెళ్ళిపోతారు. ఆ భాగం చదివితే నాకు ఒళ్ళు చల్లబడుతుంది. దీన్ని పుణ్యగతి అనుకోమని కథ చెబుతుంది, నేను అనుకోలేను. పోయినవాళ్ళని ఒక్కసారి చూశాక ఇవతలి ఒడ్డుకి తిరిగి రాలేనివాళ్ళు కొందరుంటారని మాత్రం అర్థం చేసుకోగలను. తిరిగి తేవడం అంటే ఎంత జాగ్రత్తగా చెయ్యాల్సిన పనో ఆ ఒక్క సంగతి చాలు చెప్పడానికి.

*

ఆ మూడు షరతులతో ‘నో వే హోమ్’ని మళ్ళీ చూస్తే నా సంతోషానికి కారణం కొంత దొరికింది.

2002 సినిమాలో గ్రీన్ గాబ్లిన్ తన గ్లైడర్‌కే గుచ్చుకుని చనిపోతాడు. ‘నో వే హోమ్’ చివర్లో మే పిన్నిని చంపినందుకు చిన్న పీటర్ అదే గాబ్లిన్ మీదికి అదే గ్లైడర్ ఎత్తుతాడు. టోబీ మధ్యలోకి వచ్చి రెండు చేతులతో దాన్ని పట్టుకుని ఆపుతాడు. ఒక్క మాట మాట్లాడడు. ఒట్టి చూపు. ఆ చూపు వెనక పందొమ్మిదేళ్ళున్నాయి. ఇక గార్‌ఫీల్డ్ పీటర్. 2014లో అతను గ్వెన్‌ని కాపాడుకోలేకపోయాడు. దారం అందింది గానీ ఆలస్యమైంది. ఇప్పుడు పై నుంచి పడిపోతున్న ఎమ్‌జేని అతను పట్టుకుంటాడు. ఆ అమ్మాయి బాగానే ఉన్నానంటుంది. అతను మాత్రం బాగా లేడు, కళ్ళు నిండిపోయాయి.

ఇక్కడ గ్వెన్ తిరిగి రాలేదు. సినిమా అనుకుంటే తేగలిగేదే, విశ్వాలకి విశ్వాలే తెరుచుకుంటున్న కథలో ఒక అమ్మాయిని తేవడమెంత? తేలేదు. పోయింది పోయినట్టే ఉంది. తిరిగొచ్చినవాడు తనకి జరిగింది ఇంకొకరికి జరగకుండా చెయ్యి అడ్డం పెట్టాడు, అంతే. నాకు అక్కడ కళ్ళనీళ్ళు తిరిగింది గ్వెన్ ఇంకా లేదు కాబట్టే.

తర్వాత తెల్లారింది కూడా. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. వాళ్ళని పంపడానికి చిన్న పీటర్ కట్టిన మూల్యం, లోకంలో ఎవరికీ తను గుర్తులేకపోవడం. చివర్లో ఎమ్‌జే పనిచేసే కాఫీ కొట్టుకి వెళ్తాడు. చెప్పాలనుకున్నది కాయితం మీద రాసుకుని మరీ వెళ్తాడు. ఆమె నుదుటి మీద గాయానికి వేసిన ప్లాస్టర్ చూసి, చెప్పకుండా కాఫీ తీసుకుని వచ్చేస్తాడు. ఫ్యాన్స్‌ కోసం తీసిన సినిమా అని తిట్టిపోసినవాళ్ళు ఈ సీన్ గురించి ఎందుకు మాట్లాడరో నాకు అర్థం కాదు. కోరిందల్లా తెచ్చి ఇచ్చిన సినిమా, కోరిక ఖరీదు కూడా చూపించింది.

అయినా ఒక ముల్లు మిగిలింది. 2004 సినిమాలో డాక్టర్ ఆక్టోపస్ చావు. తన తప్పు తెలుసుకుని, తను తయారుచేసిన నిప్పుముద్దని తనే నదిలో ముంచి, దానితో పాటు మునిగిపోతాడు. మా చిన్నప్పుడు చూసిన చావుల్లో అంత మర్యాదగల చావు ఇంకోటి లేదు. ‘నో వే హోమ్’లో అతన్ని ఆ చావుకి ముందే లాక్కొచ్చి, మెడ వెనక ఒక చిప్ బిగించి బాగుచేస్తారు. క్షణంలో మంచివాడైపోతాడు. మొదటిదాంట్లో అతను మంచిని ఎంచుకున్నాడు, రెండోదాంట్లో అతనికి మంచి జరిగింది. ఎంచుకోని మంచితనానికి విలువెంత? అతని చావుకి ఏడ్చిన నేను ఇప్పుడేం చెయ్యాలి?

చాలాకాలం దీన్ని సినిమా చేసిన ద్రోహంగానే లెక్కపెట్టాను. ఇప్పుడు రెండు వైపులా చూస్తున్నాను. వాళ్ళందరి విధీ చావేనని, పంపించేయమని మాంత్రికుడు చెబుతాడు. చిన్న పీటర్ ఒప్పుకోడు. తన ఎదురుగా ఉన్న మనిషి చావు ఎంత అందంగా ఉంటుందో అతనికి అనవసరం. అందమైన చావు మనకి కావాలి, చూసేవాళ్ళకి. మునిగిపోయేవాడికి కావలసింది గట్టు. ఆక్టేవియస్ బతికితే నాకొక మంచి ముగింపు నష్టం, అతనికి ఒక ప్రాణం లాభం. ఇందులో నేను ఎవరి పక్షం ఉండాలో చెప్పడానికి తత్వశాస్త్రం అక్కర్లేదు. ముల్లు పూర్తిగా పోలేదు గానీ, దాని దగ్గర ఒక మాట నేర్చుకున్నాను. తిరిగి తెచ్చినవాణ్ణి మనిషిగా చూస్తున్నామా, మన కోరిక తీర్చే వస్తువుగా చూస్తున్నామా? మిగతా ప్రశ్నలన్నీ దీని తర్వాతే.

*

సంస్కృత భారతంలో ఆ గంగ ఒడ్డు కథ తర్వాత ఒక చిన్న తమాషా ఉంది. ఈ కథంతా వింటున్నవాడు జనమేజయుడు. వినేవాడు వినకుండా, మా నాన్నని కూడా అలా చూపిస్తేనే నమ్ముతానంటాడు. వ్యాసుడు పరీక్షిత్తుని అదే రూపంలో, అదే వయసులో రప్పించి చూపిస్తాడు. లోకంలో మొట్టమొదటి ఫ్యాన్ జనమేజయుడే అయి ఉండాలి. కథలో ఎవరికో జరిగింది తనకీ జరగాలన్నాడు. నేను ఆ హాల్లో అరిచింది కూడా అదే.

జనమేజయుడికి ఒకసారి చాలింది. మనకి చాలట్లేదు.

2017లో ‘లోగన్’ వచ్చింది. పదిహేడేళ్ళు వుల్వరిన్‌గా చేసిన హ్యూ జాక్‌మన్ ఆ పాత్రని చంపి, పూడ్చి, సెలవు తీసుకున్నాడు. ఆ సమాధి మీది శిలువని ఒక పిల్ల పక్కకి వంచి ఎక్స్ గుర్తు చేసింది. ఏడ్చి ఇంటికెళ్ళాం. 2024 జులైలో ‘డెడ్‌పూల్ అండ్ వుల్వరిన్’ మొదలవ్వడమే ఆ సమాధి తవ్వడంతో మొదలైంది. ఎముకలు తీసి ఆయుధాలుగా వాడుకుంటాడు డెడ్‌పూల్. జాక్‌మన్‌తో తొంభై ఏళ్ళొచ్చేదాకా ఇది చేయిస్తారని సినిమాలోనే జోకు. నవ్వాను, బాగా నవ్వాను. తప్పు చేస్తూ తప్పు చేస్తున్నానని చెప్పేవాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. కానీ ఒప్పుకున్నంత మాత్రాన సమాధి మళ్ళీ పూడుకోదు కదా. అదే నెలలో మార్వెల్ వాళ్ళు ఇంకో ప్రకటన చేశారు. 2019 ‘ఎండ్‌గేమ్’లో చనిపోయిన టోనీ స్టార్క్‌ని చేసిన రాబర్ట్ డౌనీ జూనియర్, ఈసారి డాక్టర్ డూమ్‌గా వస్తాడట. పాత్ర చచ్చిపోయింది కాబట్టి ముఖాన్ని తిరిగి తెస్తున్నారు.

‘కల్పిత పాత్రలకి కూడా నీతులేంటి, లోగన్‌కి నొప్పేస్తుందా?’ అని అడగొచ్చు. వెయ్యదు. నష్టం మనకే. ఒక మనిషి పోయాడని ఒప్పుకోవడం ఎవరికీ పుట్టుకతో రాదు, అలవాటు చేసుకోవాల్సిందే. పిల్లలకి ఆ అలవాటు చేసేది కథలే. మా తరంలో చాలామంది ఇంట్లో చావు చూడకముందే నదిలో మునిగిపోయిన ఆక్టేవియస్‌ని చూశారు. ప్రతి సమాధికీ ఒక తలుపు ఉంటుందని కథలు పదే పదే చెబుతుంటే, నిజం సమాధి దగ్గర మనం ఏ తలుపు కోసం వెతుక్కోవాలి?

మరి మన కథలు తరతరాలుగా మళ్ళీ మళ్ళీ చెప్పుకోలేదా అంటే, చెప్పుకున్నాం. హరికథలో, బుర్రకథలో, తోలుబొమ్మల్లో, వీధినాటకాల్లో. అయితే అభిమన్యుడు ఎన్నిసార్లు చెప్పినా చచ్చిపోతాడు. ‘మాయాబజార్’ చూస్తూ పడీపడీ నవ్వుతున్నప్పుడు కూడా, పెళ్ళికొడుకైన ఆ కుర్రాడు పద్మవ్యూహంలోంచి బయటికి రాడని మనకి తెలుసు. మళ్ళీ చెప్పడం వేరు, జరగలేదనడం వేరు. మనవైపు రీరిలీజులు కూడా మళ్ళీ చెప్పడంలాంటివే. 2022 ఆగస్టులో ‘పోకిరి’ దగ్గర ఊపందుకుని, 2025 మే 9న, సరిగ్గా ముప్పై అయిదేళ్ళకి, ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ దాకా వచ్చాయి. ప్రింటు కొత్తది, కథ పాతది. శ్రీదేవి అదే వయసులో అలాగే నవ్వుతుంది, ఆవిడ లేదన్న సంగతి హాల్లో అందరికీ తెలుసు. రీరిలీజుల్లో కాయితాలు చల్లడం, తెర ముందు గంతులేయడం చూసి విసుక్కునేవాళ్ళున్నారు. అందులో ఒక మంచి ఉంది, పోయినవాళ్ళ చేత ఎవరూ కొత్తగా ఏమీ చేయించట్లేదు.

చావే లేకపోతే ఏమవుతుందో కూడా భారతం చెప్పింది. అశ్వత్థామ. చీమూ నెత్తురూ కారే గాయాలతో, ఎవరూ దగ్గరికి రానివ్వకుండా, మూడు వేల ఏళ్ళు తిరుగుతూ ఉండమన్నాడు కృష్ణుడు. 2024లో ‘కల్కి 2898 ఏడీ’ అతన్ని సూపర్ హీరోగా తీసుకొచ్చి నిలబెట్టింది, అమితాబ్ భలే ఉన్నాడు కూడా. కానీ మూలంలో అది శాపం. కొనసాగుతూనే ఉండటం శాపం. ఏ ముగింపూ నిలవని ఫ్రాంచైజీ హీరోలని చూసినప్పుడల్లా నాకు ఆ నుదుటి గాయం గుర్తొస్తుంది.

*

ఇంతవరకూ పాత్రల సంగతి. పాత్ర వేసిన మనిషే లేనప్పుడు ప్రశ్న ఇంకా బరువవుతుంది.

టోబీ, గార్‌ఫీల్డ్, జాక్‌మన్ బతికున్నవాళ్ళు. ఆలోచించుకుని, సంతకం పెట్టి, డబ్బు తీసుకుని వచ్చారు. 2004లో చనిపోయిన క్రిస్టఫర్ రీవ్ 2023లో ‘ది ఫ్లాష్’లో సూపర్‌మ్యాన్‌గా కంప్యూటర్ బొమ్మై కనిపించాడు. ఆయన్ని ఎవరు అడిగారు, ఆయనేం చెప్పాడు? 2025 ‘సూపర్‌మ్యాన్’లో మాత్రం ఆయన కొడుకు విల్ రీవ్ విలేకరిగా చిన్న వేషంలో కనిపిస్తాడు. బతికున్నవాడు, తన ముఖంతో, తన ఇష్టంతో. ఆ రెండు సెకన్లలో తండ్రి ఎక్కువ కనిపించాడు నాకు. మనమూ తక్కువ తినలేదు. 2007లోనే ‘యమదొంగ’లో పెద్ద ఎన్టీఆర్‌ని గ్రాఫిక్స్‌తో రప్పించి మనవడి పక్కన నిలబెట్టాం. వేషం మనవడిది, వేడుక ఇంటిది, కాబట్టి ఎవరికీ తప్పనిపించలేదు.

బాలు విషయంలో అనిపించింది. 2020 సెప్టెంబర్‌లో పోయిన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గొంతుని 2023 సినిమా ‘కీడా కోలా’లో ఏఐతో తయారుచేసి వాడారు. తమని అడగలేదని కుటుంబం 2024లో లీగల్ నోటీసు ఇచ్చింది. అదే రోజుల్లో ‘లాల్ సలామ్’ కోసం ఎ.ఆర్. రెహమాన్ ఇద్దరు దివంగత గాయకుల గొంతులు వాడాడు, ఇళ్ళవాళ్ళని అడిగి, డబ్బిచ్చి. చట్టం దృష్టిలో తేడా అక్కడితో తేలిపోవచ్చు. నాకు తేలలేదు. బాలు తను పెరిగిన నెల్లూరులోని ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి మఠానికి ఇచ్చేశారు. ఇల్లు ఎవరికి వెళ్ళాలో బతికుండగానే తేల్చుకున్న మనిషి. గొంతు గురించి కూడా అలా తేల్చుకోవాల్సి వస్తుందని ఆయనకి తెలిసే వీలు లేదు. తెలిసి ఉంటే ఏమనేవారో ఊహించి ఆయన తరఫున చెప్పే హక్కు ఎవరిది? గాయకుడి గొంతంటే ధ్వని ఒక్కటే కాదు. ఈ పాట పాడతాను, ఇది పాడను అనేది కూడా ఆ గొంతులోదే. గంగలోంచి వచ్చిన కర్ణుడు తన మాట తను మాట్లాడాడు. కంప్యూటర్‌లోంచి వచ్చినవాడు మనం రాసిచ్చింది మాట్లాడతాడు.

ఇది సినిమావాళ్ళ గొడవ మాత్రమే అనుకోవడానికి ఇప్పుడు వీల్లేదు. మన పెళ్ళిళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఎల్ఈడీ తెర మీద చనిపోయిన తండ్రి పట్టుపంచెలో మేఘాల్లోంచి దిగొచ్చి అక్షింతలు వేస్తాడు. మండపమంతా ఏడుస్తుంది. రెండో రోజుకి వాట్సాప్‌లో తిరుగుతుంది. రొయ్యల గుంటల మామ కూతురి పెళ్ళికి మా బావ కూడా అలాంటిది ఒకటి చేయించాడు. ముందుగా ఫోన్‌లో అత్తకి చూపించాం. తెర మీద మామ ఇరవై ఏళ్ళు తగ్గి, జుట్టు నల్లబడి, “చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి” అంటూ శుభలేఖ చదివినట్టు ఆశీర్వదించాడు. అత్త మొత్తం చూసింది. ఏడవలేదు.

“మీ మామ ఇట్టా మాట్లాడడు గదరా” అంది.

గొంతు ఇంకొంచెం సరిచేయిస్తానన్నాడు బావ. గొంతు ఆయనదేనంది అత్త. “మాట ఆయనది కాదు. ఆయన చెప్పని మాట ఆయన నోట్లో పెట్టబాకండి.”

పెళ్ళి నాడు ఆ వీడియో వెయ్యలేదు. పెళ్ళికూతురి పాత ఫోన్‌లో మామ పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి ఉంది. పన్నెండు సెకన్లు. వెనకాల గుంట దగ్గర ఏరియేటర్ల చప్పుడు. “ఏం పాపా, అన్నం తిన్నావా? కరెంటు పోయింది, ఇక్కడే ఉండా. పొద్దున వస్తా.” గౌరీ పూజకి ముందు తను గదిలో కూర్చుని దాన్ని రెండుసార్లు విని, కళ్ళు తుడుచుకుని, ఫోన్ అమ్మ చేతికిచ్చి పీటల మీదికి వెళ్ళింది.

వీడియోలన్నీ తప్పని నేను తీర్పు చెప్పను. తండ్రి ముఖమే గుర్తులేని పిల్లకి అలాంటి బొమ్మ ఒకటి ఎంత ఆసరా అవుతుందో నాకేం తెలుసు. కొడుకుల్ని ఎన్నడూ చూడని ధృతరాష్ట్రుడికి ఒక రాత్రి చూపు ఇచ్చిన కథ మనది. అయితే అత్త గీసిన గీతని మాత్రం దాటబుద్ధి కావడం లేదు. చూడటం వరకూ మన దుఃఖం. మాట్లాడించడం మొదలుపెడితే అవతలి మనిషి మీద పెత్తనం.

*

డూమ్స్‌డేకి 2026 డిసెంబర్ 18 అని తేదీ ప్రకటించారు. పాత ఎక్స్‌మెన్ ముసలివాళ్ళు కూడా వస్తున్నారట. నేను వెళ్తాను. మొదటి రోజే వెళ్తాను, అరవకుండా ఉంటానని మాటివ్వలేను. ఫ్యాన్‌కి నిగ్రహం నేర్పాలనే ఉద్దేశం ఈ వ్యాసానికి లేదు. కోరిక పుట్టడం మన చేతిలో లేదు. గాంధారికే పుట్టింది, మనమెంత.

అయితే ఈసారి కేక పెడుతూ కూడా ఒక కన్ను వేరే దాని మీద ఉంచుతాను. వచ్చినవాడు వయసుతో వచ్చాడా, గాయంతో వచ్చాడా, లేక ఏమీ జరగనట్టు వచ్చాడా? ఎవరికి నిద్ర పట్టడం లేదని వచ్చాడు? తన మాట మాట్లాడుతున్నాడా? అన్నిటికంటే ముఖ్యంగా, ఈ కథలో ఎక్కడైనా తెల్లారుతుందా? తెల్లారని రాత్రిలో పోయినవాళ్ళు మనతోనే ఉండిపోరు, మనమే నీళ్ళలోకి దిగిపోతాం.

గంగ ఒడ్డున ఆ పొద్దున్న మిగిలినవాళ్ళు ఏం చేశారని చూస్తే, గొప్పగా ఏమీ లేదు. ధృతరాష్ట్రుడు ఆశ్రమానికి తిరిగి వెళ్ళాడు. పాండవులు కొన్నాళ్ళుండి ఊరికి బయల్దేరారు. చెయ్యాల్సిన పనులున్నాయి.